ఏ ఇంటిదో తెలియని వాసన

రోజూ సాయంత్రం ఆరున్నరకి నా వంట వాసన చెప్పులేసుకుని మెట్లు దిగి, కింద వాటాలో ఇంటి ఓనరుగారి కాలింగ్ బెల్ కొడుతుంది. సత్యవతమ్మగారు తలుపు తీసి, దాన్ని సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి ప్రశ్నలడుగుతారు. వాసనకి అబద్ధం చెప్పడం చేతకాదు. పప్పులో ఎన్ని వెల్లుల్లి రెబ్బలు వేశానో, చారులో బెల్లం పడిందో లేదో అన్నీ అప్పజెప్పి, గంట తర్వాత పైకి వస్తుంది. దాన్ని నేను తిట్టను. అడిగేవాళ్లని వదిలేసి చెప్పేవాళ్లని తిట్టడం నాకు నచ్చదు.

నా పేరు ప్రశాంతి. పేరు పెట్టినవాళ్లు తొందరపడ్డారు. గుంటూరులో ఒక కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాను. ఈ గదికి ముందు పదకొండు ఇళ్లు చూశాను. అన్నింటికీ టు-లెట్ బోర్డు వేలాడుతోంది. "మీరేమిట్లు?" అని అడిగారు. అంటే కులమేమిటని. చెప్పాను. చెప్పీ చెప్పగానే "ఇంట్లో అడిగి ఫోన్ చేస్తాంలే" అన్నారు, పదకొండు ఇళ్లూ నిండిపోయాయి.

పన్నెండో ఇంట్లో చెప్పలేదు. "మీరేమిట్లమ్మా?" అని సత్యవతమ్మగారు అడిగితే "అద్దెకుండేవాళ్లమండీ" అన్నాను. ఆవిడ నవ్వి తాళంచెవి చేతిలో పెట్టారు. "నిదానంగా చెబుదువుగానిలే" అన్నారు.

చెప్పని ప్రతి రోజుకీ ఉత్తరం గోడ ఒక జానెడు ముందుకొస్తోంది. మొదట బీరువా పోయింది, తర్వాత మంచం. వారం రోజులుగా నిలబడే నిద్రపోతున్నాను. ఈ సంగతి సత్యవతమ్మగారికి చెబితే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"గోడని మేమేం అనలేదమ్మా. దానికి తెలవాల్సింది తెలిస్తే అదే ఆగుద్ది."

ఇవాళ గదిలో గ్యాసు పొయ్యి, నేను, మా ఇద్దరి మధ్య ఒక చెంచా తిరిగేంత చోటు ఉన్నాం. ఈ చోటు కూడా పోతే పదమూడో ఇంటికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి నిలబడాలి. అది నా వల్ల కాదు. అందుకే ఇక్కడ ఎవరి ఇంటిదీ కాని వంట ఒకటి చేస్తున్నాను. ఫోన్లో ఒకావిడ చూపించింది. మెక్సికోవాళ్లదట. పది నిమిషాల పని.

ఉడికించిన రాజ్మాని గరిటెతో మెదుపుతాను. ఉల్లిపాయ, క్యాప్సికం సన్నగా తరిగి, కాస్త నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, వెల్లుల్లి, జీలకర్ర పొడి, కారం వేస్తాను. నిన్నటి చపాతీ పెనం మీద పరిచి, సగానికి ఇదంతా సర్ది, పైన చీజు తురిమి, రెండో సగం మడతపెట్టి అదుముతాను. రెండు వైపులా ఎర్రగా కాలితే చాలు. దీన్ని కెసడియా అంటారు. పని అంతే. ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదా అని నా మీద నాకే కోపం వస్తుంది.

వాసన చెప్పులేసుకుంటుంది. ఎప్పటికన్నా ఒక అంగుళం పొడుగు కనిపిస్తోంది. మెట్లు దిగి బెల్ కొడుతుంది.

కింద ప్రశ్నలు మొదలవుతాయి. తర్వాత సత్యవతమ్మగారు లోపలి గదిలోంచి వాళ్ల నాగరత్నం పిన్నిగారిని పిలుస్తారు. పిన్నిగారికి తొంభై ఏళ్లు. చూపు ఎప్పుడో పోయింది కానీ, తాలింపు వాసన చూసి మూడు తరాలు చెప్పేస్తారని వీధిలో పేరు.

"వెల్లుల్లుంది, అల్లం లేదు. ఇదెక్కడి వంటే?" పిన్నిగారి గొంతు పైకి వినిపిస్తుంది. "చింతపండు పడలా. కొబ్బరి పడలా. ఎవరి చెయ్యో అందట్లా."

"సరిగ్గా చూడు పిన్నీ."

"ఎన్నిసార్లు చూసినా అంతేనే. దీనికి ముందూ వెనకా ఎవళ్లూ లేరు."

పదేళ్లలో మొదటిసారి పిన్నిగారు మెట్లెక్కుతున్నారు. ఒక పక్క సత్యవతమ్మగారు, రెండో పక్క వాసన చేతులు పట్టుకుని నడిపిస్తున్నారు. లోపల చోటు లేక ముగ్గురూ గుమ్మం బయటే ఆగుతారు.

"ఏంటమ్మా ఇది?" అంటారు సత్యవతమ్మగారు.

"కెసడియా అండీ. మెక్సికోవాళ్లు తింటారు."

పిన్నిగారు ఆలోచిస్తారు. ఎదురింటి ట్యాంకు నిండి, పొర్లి, నీళ్లు వీధిలోకి వచ్చేంతసేపు ఆలోచిస్తారు.

"మరి మెక్సికోలో మీరేమిట్లు?"

నాకు ఒళ్లు మండుతుంది. మాటవరసకి కాదు. పొయ్యి కట్టేసినా పెనం కాలుతూనే ఉంది. చీజు బుడగలు కడుతోంది. ఎంత దూరం పారిపోయి ఎవరి వంట తెచ్చుకున్నా ఈ ప్రశ్న నాకన్నా ముందే వెళ్లి అక్కడ పీట వేసుకుని కూర్చుంటుంది.

"చెప్తే ఏం పోద్దమ్మా? మేం ఏవన్నా అనుకుంటామా?"

"ఏమీ అనుకోనివాళ్లు అడగరండీ."

"ఒక్క మాటకి ఇంత మొండితనమా! గోడ చూడు, నీ వీపు దాకా వచ్చేసింది."

"చెప్పను."

గోడ చివరి జానెడూ జరుగుతుంది. పెనం, గరిటె పట్టుకుని మెట్ల మీదికి తప్పుకుంటాను. లోపల గది సన్నబడుతుంది. నాలుగు గోడలూ, కిటికీ, స్విచ్చుబోర్డూ, పైకప్పూ ఒకదానిమీదొకటి అతుక్కుని చపాతీ మందాన మిగులుతాయి. దాన్ని గుమ్మంలోంచి ఊడదీసి పెనం మీద, కెసడియా కింద పరుస్తాను. కరెక్టుగా సరిపోతుంది. సగానికి మడిచి గరిటెతో అదుముతాను.

"అయ్యో, అది మా గదమ్మా!"

"ఖాళీ చేస్తున్నానండీ."

ఒక వైపు కాలాక తిప్పుతాను. అంచులు కరకరలాడేదాకా ఆగి, మెట్ల మీదే నిలబడి వేడివేడిగా తింటాను. సున్నం రుచి, క్యాలెండర్లు అంటించిన మైదా జిగురు రుచి. నాకన్నా ముందు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఎవరో అందులో చాలా ఏడ్చినట్టున్నారు, మధ్యలో ఉప్పు ఎక్కువైంది. ఒక్క ముక్క కూడా వదలను. ఎవరికీ పెట్టను. కోపం మాత్రం పిసరంత కూడా తగ్గదు.

వీధిలోకి వస్తాను. టు-లెట్ బోర్డున్న ఇళ్లన్నీ పునాదుల మీంచి లేచి, మెట్లు దగ్గరికి ముడుచుకుని, రోడ్డు పక్కన వరుసలో నిలబడుతున్నాయి. మొదటిది రెండంతస్తులది. కొత్తగా రంగు వేయించుకుని, గుమ్మానికి మామిడాకులు కట్టుకుని వచ్చింది. దాని కిటికీలకి చెమటలు పడుతున్నాయి.

నేను వంగి దాని గడప వాసన చూస్తాను. తొందర లేకుండా, రెండుసార్లు చూస్తాను. ఇల్లు ఊపిరి బిగబట్టి నా మొహంలోకి చూస్తుంది.

"ఇంట్లో అడిగి ఫోన్ చేస్తాంలే" అని చెప్పి, రెండో ఇంటి దగ్గరికి నడుస్తాను.