భద్రమ్మవ్వ అతుకులు

సుమిత్ర సేవ చేయడానికి సిద్ధంగానే ఉంది కాని, ఎవరికి చేయాలో కాలేజీ వాళ్లే చెప్పాల్సి వచ్చింది. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. ధర్మవరం నుంచి రోజూ పాసింజరు బండిలో అనంతపురం పోయి బి.ఏ. రెండో ఏడు చదువుతోంది. ఎన్నెస్సెస్‌లో చేరిన పిల్లలు ఏడాదికి నూటఇరవై గంటలు సేవ చేయాలనీ, ఎవరి ఊళ్లో వాళ్లు ముసలివాళ్ల దగ్గర కూర్చుని పేపరు చదివి వినిపించాలనీ లెక్చరరు చెప్పారు. ఇంట్లో ఉన్న సొంత అవ్వకు చెంబుడు నీళ్లివ్వని పిల్ల ఊరి ముసలివాళ్లను ఉద్ధరించబోతోందని వాళ్లమ్మ వారం పాటు తమ అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

అలా సుమిత్ర ఆదివారాలు మగ్గాల వీధి భద్రమ్మకు దక్కాయి.

భద్రమ్మకు డెబ్భై దాటాయి. కొడుకు తిప్పేస్వామి పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీద ఒక వార్పు, అంటే మూడు చీరలకు సరిపడే నిలువు దారం, అయిపోవచ్చినప్పుడు పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటే అతకాలి. నాలుగువేల పైచిలుకు దారాలు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క నలుపు నలిపితే అంటుకుపోవాలి. వరస తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. భద్రమ్మ అతికిన దారం తెగినట్టు ఆ వీధిలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆమె తీరిక కనుక్కున్నాకే ఇరుగుపొరుగు వాళ్లు కొత్త వార్పు తెచ్చుకునేవారు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లుబాటయ్యేది కూడా అందుకే.

సుమిత్ర ఏ వార్త చదివినా, వాన సంగతి ఏమన్నా రాశారా అని భద్రమ్మ అడిగేది. లేదంటే, మరి అన్ని కాగితాలు ఎందుకు పాడు చేసినట్టని విసుక్కునేది.

మూడో ఆదివారం ఎండ మీద పడుతోందని సుమిత్ర చాప మీద నుంచి లేచి గోడవారకు జరిగింది. భద్రమ్మ మాత్రం, ఇంత చదువు చదివినదానివి గొంతు పెంచి చదవలేవా అని ఖాళీ చాపను మందలించింది. సుమిత్ర దగ్గరికి వచ్చి ఆమె మొహం ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదలలేదు.

"ఎన్నాళ్లాయె అవ్వా ఇట్ల?"

"రెండేండ్లు. ఎలుతురొకటే తెలుస్తాది." భద్రమ్మ గొంతు తగ్గించింది. "యాడా అనాకు పాపా. కనపడదని తెలిస్తే నన్ను మగ్గం కాడికి రానీరు. మంచం మింద కుచ్చోబెట్టి ముద్ద పెడతారు."

సుమిత్ర మాటిచ్చింది. సరిగ్గా ఆ వారమే కాలేజీలో కంటి ఆపరేషన్ల శిబిరం ఫారాలు పంచారు. మంచి పనికి మాట అడ్డమేమిటనుకుని, అంతా నింపి, సంతకానికి తిప్పేస్వామి దగ్గరికి పోయి, అతను అడక్కుండానే పైకి చదివింది: రెండు కళ్లకూ పొర, చూపు లేదు.

తిప్పేస్వామి మగ్గం గుంటలోంచి లేచాడు. నేస్తున్న వార్పును ఈ కొస నుంచి ఆ కొసకు వెలుతురులో చూసుకున్నాడు. తప్పు ఒక్కటీ దొరకలేదు. అయినా భయం పట్టుకుంది. ఆ తర్వాతి వార్పు ఎదురింటి నాగలక్ష్మమ్మ అతికింది.

మరుసటి ఆదివారం భద్రమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"సదువు పాపా," అంది. "ఇంగ నాకు పనేముండాది. దినమంతా ఇంటా."

ఆ రోజు పేపరులో ఏమి రాశారో సుమిత్రకు ఒక్క ముక్క తలకెక్కలేదు. లేచిపోయి తిప్పేస్వామిని నిలదీసింది. చూపు వస్తే అమ్మే అతుకుతుందనీ, తనకేమీ నాగలక్ష్మమ్మ మీద మోజు లేదనీ అతను ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట మీద భద్రమ్మ శిబిరానికి కదిలింది.

ఒక కంటికే ఆపరేషను చేశారు. కట్టుతో కదలకుండా పడుకోమంటే ఆమె కదలలేదు గాని, వేళ్లు ఊరుకోలేదు. దుప్పటి తడిమి, దీన్ని నేసినవాడికి పని మీద ధ్యాస లేదని తేల్చింది. పక్కమంచం మీది గోరంట్ల ఈరన్న పంచె అంచు అడిగి తీసుకుని దానికీ వంక పెట్టింది. అక్కడే ఉండి చూసుకున్న సుమిత్రకు నూటఇరవై గంటలూ ఎప్పుడు నిండాయో తెలియలేదు.

ఆరు వారాలకు అద్దాలు వచ్చాయి, సీసా అడుగంత మందంగా. భద్రమ్మ పెట్టుకుని సుమిత్రను ఎగాదిగా చూసింది.

"ఇంత సన్నగా ఉండావే. అంగడి ఉండేటోళ్లు కూడు పెట్టరా నీకు?"

ఆ వారమే కొత్త వార్పు దిగింది. భద్రమ్మ బూడిద చిప్ప ముందు పెట్టుకుని కూర్చుంది. గంట గడిచినా వంద దారాలు కాలేదు. అద్దాల్లోంచి చూస్తే ఒక్కో దారం మోకంత లావున కనబడుతోంది. అది ఉన్నచోట వేలు లేదు, వేలు పోయినచోట అది లేదు. తిప్పేస్వామి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. నాగలక్ష్మమ్మ, ఎవరూ పిలవకపోయినా, తన బూడిద తాను తెచ్చుకుని గడప మీద కూర్చుంది.

భద్రమ్మ ఒకే దారాన్ని మళ్లీ మళ్లీ వెతుక్కోవడం సుమిత్ర చూసింది. దగ్గరికి జరిగి చెవిలో అంది:

"అవ్వా, కండ్లు మూసుకో."

"అద్దాలు తీస్తే వాడు చూడ్డా?"

"తీయొద్దు. ఉండనీ. లోపల మూసుకో. అంత మందం అద్దాల ఎనక ఎవురికి తెలుస్తాది?"

భద్రమ్మ అద్దాల వెనక కళ్లు మూసుకుంది. తర్వాత ఆమె నడుము నిటారైంది. వేళ్లు బూడిదలోకి పోయాయి, దారం మీదికి వచ్చాయి, నలిపాయి, మళ్లీ పోయాయి. చూస్తున్న సుమిత్ర కళ్లకే ఆ వేగం అందలేదు. పొద్దు వాలకముందే సగం దాటింది. నాగలక్ష్మమ్మ లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానని ఎవరికో చెప్పుకుంటూ పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి అతుకు పూర్తయింది. తిప్పేస్వామి వార్పును మెల్లగా ముందుకు లాగాడు. అతుకులన్నీ ఒక్కటీ తెగకుండా మగ్గం దువ్వెన పళ్లలోంచి జారి వచ్చాయి. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ డాక్టరు చెయ్యి బంగారమమ్మా. కండ్లుంటే పనే వేరు."

"అవునన్నా," అంది సుమిత్ర, బుద్ధిగా.

భద్రమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, కొడుకును పైనుంచి కింది దాకా చూసింది.

"సరే గానీ, తరవాతి వార్పు ఎప్పుడు తెస్తావురా?"