గలగలమనని కాయ

నాకు పోయింది మాటే. బుర్ర పోలేదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరి తలకూ ఎక్కదు.

పక్షవాతం వచ్చిన వారానికి, గుంటూరు ఆసుపత్రిలో యాస్మిన్ డాక్టరమ్మ ప్లాస్టిక్ మెదడు చేత్తో పట్టుకుని మా అబ్బాయి నాగచైతన్యకు విడమరిచి చెప్పింది. "ముందు భాగం ఆలోచనకండీ. అందులో ఎడమపక్క, ఇదిగో, మాట పలికించే చోటు. అమ్మగారికి దెబ్బతిన్నది ఇక్కడే. కుడిచెయ్యి లేవకపోవడం కూడా అందుకే. చెవి దగ్గరిది విన్నది అర్థం చేసుకోడానికి, వెనకది చూపుకి, అడుగునున్న చిన్నమెదడు తూలకుండా నడవడానికి. అవన్నీ బాగున్నాయి." మావాడు ఫోను చూసుకుంటూ తలూపాడు. పాఠం విన్నది నేనొక్కదాన్నే. ఊరికొచ్చి అందరికీ 'అమ్మకి మెదడు పోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నలభై రోజులుగా వాడూ, కోడలు దీప్తీ నా మంచం పక్కనే కూర్చుని, నేనక్కడ లేనట్టే మాట్లాడుకుంటున్నారు. "ఇలా ఎన్నాళ్లో" అని ఆమె. "ఆ రోజే పోయినా బాగుండేది" అని వాడు. ఒళ్లు మండిపోయింది. ఏమనగలను?

ఇవాళ నన్ను మంచంతో సహా కల్లంలో వేపనీడన వేశారు. ఎదురుగా టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసిన మా మిరపకాయ. సాయంత్రం లారీ వస్తుందని బుడానూ, మిగతా కూలీలూ అప్పుడే గోతాలు నింపుతున్నారు. కాయ ఆరలేదు! చూస్తేనే తెలుస్తోంది. ఇలాగే కుట్టేస్తే నాలుగు రోజుల్లో బూజు పట్టి, ఏడాది పంట పెంటపాలవుతుంది.

"త... త..." అన్నాను. 'తడి' అందామని. దాహమనుకుని దీప్తి మంచినీళ్లు పట్టింది. ఉమ్మేశాను.

"ఏంటత్తయ్యా, చిన్నపిల్లలాగా!"

మళ్లీ "త... త..." అన్నాను. ఎండ తగులుతోందనుకుని కొడుకు మంచం జరిపాడు. అదీ మంచికే, పట్టా చేతికందింది. ఎడమచేత్తో ఒక కాయ తీసి, వంగి ఉన్న వాడి చెవి దగ్గర ఆడించాను.

ఎండిన కాయైతే లోపల గింజలు గలగలమనాలి. చిన్నప్పుడు వాడికి నేర్పింది నేనే. చప్పుడు లేదు. ఇంకో కాయ తీశాను. అదీ అంతే.

"ఒరేయ్ బుడాన్, ఆపండ్రా! కాయ ఆరలేదు!" అని కేకేసి నా వైపు తిరిగాడు. "అమ్మా, నీకు తెలుస్తోందా?" చెవిటిదాన్ని అడిగినట్టు అరిచాడు.

తలూపాను.

"మేం మాట్లాడుకునేవి... అన్నీనా?" ఈసారి గొంతు తగ్గింది.

వాడి కళ్లలోకి చూస్తూ మళ్లీ తలూపాను. వాడు నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

కూలబడనీ.