మబ్బుల మీద బావ ముఖం

"ఒక్కసారి ఆయన కళ్ళు దగ్గరగా ఫొటో తీసి చూపించవే," అంది అక్క. "ఇంట్లో నాకు కనబడటం లేదు."

అక్క మొగుడు యుద్ధ విమానం నడుపుతాడు. నేను పక్క విమానంలో కూర్చుని అలాంటి విమానాల ఫొటోలు తీస్తాను. ఆరు నెలల క్రితం బావ విమానానికి గాల్లోనే మంటలంటుకున్నాయి. సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో దిగి, చావు తప్పించుకున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి తింటాడు, నడుస్తాడు, అడిగితే జవాబిస్తాడు. అంతే. అంతకుముందు నన్ను చూస్తే చాలు, "కెమెరా కోతి వచ్చింది, అరటిపళ్ళు దాచండి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు కుర్చీ చూపించి ఊరుకుంటున్నాడు. డాక్టర్లు అంతా సవ్యంగా ఉందన్నారు. ఆ సవ్యమేదో వాళ్ళ దగ్గరే పెట్టుకోమనాలనిపించింది నాకు.

"ఈయన ఆయన కాదే," అంటుంది అక్క. మతి పోయిందా అని కసిరాను. అలా కసిరిన నేనే, బావ మళ్ళీ ఎగరడం మొదలుపెట్టాక, ఆ విమానం ఫొటోలు తీసే పని అడిగి మరీ తీసుకున్నాను.

రెండు సీట్ల విమానంలో ముందు పైలట్, వెనక నేను. బావ తన విమానంలో ఒక్కడే, మా రెక్క పక్కనే. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగం. పక్కపక్కన అంత వేగంగా పోతున్నప్పుడు ఎదుటి విమానం కదులుతున్నట్టే ఉండదు, ఇంటి ముందు నిలిపిన కారులా అలా ఉండిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మలుపు తిరిగేసరికి చేతిలో కెమెరా సిమెంటు బస్తా అయిపోయింది. రక్తం కాళ్ళలోకి దిగిపోకుండా వేసుకునే గాలి ప్యాంటు ఉబ్బి తొడలను పిండేసింది. మలుపు దాటి ఊపిరి అందాక రేడియోలో అడిగాను.

"బావా, హెల్మెట్ అద్దం పైకి తియ్యి. నీ కళ్ళు కావాలి."

తీశాడు. "కోతీ, ఈసారైనా తల తెగకుండా తియ్యి!" అని పకపకా నవ్వాడు.

ఎన్నాళ్ళకు ఆ నవ్వు! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వేలు తియ్యకుండా నొక్కుతూ పోయాను.

కిందికి దిగాక పరుగెత్తుకెళ్ళి, "తల తెగలేదులే!" అన్నాను. నిచ్చెన దిగుతున్న బావ ఆగి చూశాడు.

"ఏ తల?"

"ఇందాక రేడియోలో అన్నావుగా."

"నేనేం మాట్లాడలేదే," అన్నాడు.

మా పైలట్‌ని అడిగాను. "నాకూ వినబడింది, కోతీ అన్నాడుగా," అని అతను నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాయంత్రం అక్క వంటగదిలో లాప్‌టాప్ తెరిచాను. మాస్కు పైన రెండు కళ్ళు, వాటి నిండా ఆకతాయితనం. అక్క తెరను చేత్తో తడిమింది. "ఇదిగో, ఈయనే!" అంటూ బావురుమంది. అంతలోనే ఆమె వేలు ఎడమ కనుబొమ్మ మీద ఆగిపోయింది. ప్రమాదంలో బావకు అక్కడ చీరుకుపోతే కుట్లు వేశారు, మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఫొటోలో కనుబొమ్మకు చిన్న గీత కూడా లేదు. ఇంకొకటి తెరిచాం, మరొకటి తెరిచాం. అన్నిటిలోనూ అంతే.

ముందు గదిలో బావ, ఆన్ చెయ్యని టీవీని చూస్తూ కూర్చున్నాడు. అక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మీరెవరో నాకనవసరం," అంది. "ఆయన పైనే ఉండిపోయారు. వెళ్ళి నా మనిషిని దింపుకురండి."

కుర్చీలోని మనిషి తల వంచుకున్నాడు. నాకు జాలేసింది. జాలి వేసినందుకు ఇంకా భయమేసింది.

"విమానం ఎక్కినప్పుడల్లా బతిమాలుతున్నానండీ," అన్నాడు. "కిందికి దిగితే చచ్చిపోతానంటున్నాడు."