సుబ్బారావు గారి పెద్ద స్టెప్నీ

చెరుకు తోట బురదలో దిగబడిన పికప్ ట్రక్కును రెండుసార్లు పక్కవాళ్ల ట్రాక్టరుతో లాగించుకున్నాక వెంకటసుబ్బారావు గారికి పౌరుషం వచ్చింది. బోధన్ వెళ్లి, పాతవాటికంటే నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువున్న టైర్లు నాలుగూ వేయించుకొచ్చారు. ఇక ఏ బురదైనా రానీ అని, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులుండే తమ క్యాంపులో కనిపించిన ప్రతివాడికీ చెప్పారు.

"మరి కింద వేలాడే ఐదోది?" అని అడిగింది ఆయన భార్య రత్తమ్మ. బండి కింద స్టెప్నీ ఇంకా పాత చిన్న టైరే. "నలుగురన్నదమ్ములు పొడుగ్గా ఎదిగి ఐదోవాడు పొట్టిగా ఉండిపోయినట్టుంది. దారిలో వాడితో పనిపడితే బండి ఒక పక్కకి ఒరిగి నడవాలి కాబోలు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. వారం తిరక్కుండా ఐదో పెద్ద టైరూ వచ్చింది. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగగట్టి తానే బిగించడానికి కూర్చున్నారు. బండి కింద చోటు పాత టైరుకు సరిగ్గా సరిపోయేంతే. ఒక పక్క సైలెన్సర్ గొట్టం, ముందువైపున వెనక చక్రాల ఇరుసు. ఎంత తోసినా పట్టలేదు. సుబ్బారావు గారు సగం గాలి తీసేసి, కాలితో నాలుగు తన్నులు తన్ని ఇరికించారు. కంపెనీ ఇచ్చిన గొలుసు దానికి చాల్లేదు. బోరు మోటారు దించే తాడు తెచ్చి అడ్డంగా, నిలువుగా చుట్టి ముడేశారు.

రత్తమ్మ వంగి చూసింది. "ఏవండీ, తాడు సైలెన్సర్‌ని ఆనుకుందేమో చూడండి."

"ఆనుకోలేదు. పక్కనుంది."

"పక్కనున్నా వేడి తగలదా?"

"నలభై ఏళ్లుగా బళ్లు చూస్తున్నానే నేను," అన్నారాయన, చేతులు దులుపుకుంటూ.

మర్నాడు పసుపు బస్తాలు ఎక్కించుకుని ఇద్దరూ నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బయల్దేరారు. మోస్రా దాటాక ఏదో కాలుతున్న వాసన వచ్చింది. పక్క చేలో ఎవరో చెత్త తగలబెడుతున్నారన్నారు సుబ్బారావు గారు. అంతలో స్పీడు బ్రేకర్ వచ్చింది. బండి ఎగిరింది, కింద ధబ్బుమని చప్పుడైంది. అద్దంలో చూస్తే స్టెప్నీ రోడ్డు మీద తానొక్కటే దొర్లుకుంటూ, పల్లానికి, వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

వెనకాల స్కూటరు మీద వస్తున్న ఒక స్కూలు మాస్టారు దాన్ని చూసి హ్యాండిల్ తిప్పేశాడు. స్కూటరు పక్కనున్న మట్టిలోకి దిగి పడింది. టైరు ఆయన్ని దాటి, రోడ్డుకు అవతల మొక్కజొన్న పొత్తులు, అదే మక్కబుట్టలు, కాల్చి అమ్ముకునే ఈరవ్వ అనే ముసలామె గంపను తన్ని ఆగింది.

సుబ్బారావు గారు బండి ఆపి పరుగెత్తారు. మాస్టారికి మోచేయి గీసుకుపోయింది, అంతే. ఆయన లేచి, టైరుకు వేలాడుతున్న కాలిన తాడుముక్కను చూశాడు.

"తాడుతోని కట్టిండ్రా సారూ? బర్రెనన్న ఇంతకంటె మంచిగ కడ్తరు."

ఈరవ్వ టైరు మీద కాలు పెట్టి నిలబడింది. "ఎవలిది బిడ్డా ఇది? ఇంకింత ఇటొస్తె నా కాలు ఇరుగుతుండె గద!"

"నాదేనమ్మా. నాదే తప్పు," అన్నారు సుబ్బారావు గారు. మాస్టారి స్కూటరు లేపి నిలబెట్టారు. రత్తమ్మ చెల్లాచెదరైన మక్కబుట్టలు ఏరి గంపలో వేసింది. మొగుడి వైపు తిరిగి కాలిన తాడుముక్కను వేలితో చూపించింది. తిట్టుకంటే అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

టైరును బస్తాల మీదికెక్కించి, మెల్లగా నిజామాబాద్ చేరి, వర్ని రోడ్డులో ఆశన్న టైర్ల దుకాణం ముందు ఆపారు. ఆశన్న నడుం నొప్పితో ఇంటిపట్టునే ఉంటున్నాడు. దుకాణం ఆయన కూతురు సౌందర్య నడుపుతోంది.

"నాన్నగారు లేరామ్మా?"

"బాపు లేడు గని నేనున్న. చెప్పు కాకా."

ఆమె వంగి బండి కిందా, తలెత్తి టైరునూ చూసింది. "గీ తాడు ఎవలు కట్టిండ్రు?"

"ఎవరో... మా క్యాంపులో."

"ఆ ఎవరో ఈయనే," అంది రత్తమ్మ.

సౌందర్య పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. టైరు నొక్కి చూశాక ఇక ఆపుకోలేకపోయింది. "గాలి గూడ సగమే ఉన్నది గద! నడిరోడ్డు మీద పంచరైతె నోటితోని ఊదుదామనుకున్నవా కాకా?"

బస్తాలు దించి వస్తానన్నారు సుబ్బారావు గారు. ఆమె వద్దంది. "ఖాళీ బండికి అన్నీ పడ్తయి. లోడు మీదనే కొల్వాలె." హ్యాండ్ బ్రేకు వేయించి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, నేల మీద గోనెసంచి పరిచింది. "రా, పండుకో."

"ఇక్కణ్ణుంచే కనిపిస్తోందిలేమ్మా."

"మీదికెల్లి సూసే కట్టినవు గద!"

తెల్లచొక్కాతో సుబ్బారావు గారు బండి కిందికి దూరారు. సౌందర్య టేపు పట్టి చూపించింది. బరువుకు స్ప్రింగు కమాన్లు వంగి, ఇరుసు టైరు అంచు వచ్చే చోటికి దగ్గరగా జరిగింది. గుంతలో పడితే ఇనుము రబ్బరును కొరుకుతుంది. ఇటుపక్క సైలెన్సర్. నలభై ఏళ్లలో ఆయన బండిని ఈ వైపు నుంచి చూడటం ఇదే మొదలు. మట్టిలో పడిన స్కూటరు గుర్తొచ్చింది.

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అని మెల్లగా అడిగారు.

స్టెప్నీని మోసే పట్టీని ఆమె వెనక్కి జరిపింది. చాసీ చట్రానికి వెల్డింగ్ పెడితే దాని బలం పోతుందని, పాత రంధ్రాలకే అడ్డంగా ఇనుప బద్దెలు బోల్టులతో బిగించింది. టైరులో నిండుగా గాలి కొట్టి, గాలి పట్టే ముక్కు కిందికి ఉండేలా తిప్పి, కదలకుండా పైకి ఆనేదాకా లాగింది. పొడుగు గొలుసు వేసి, ఒకటి తెగినా పడిపోకుండా రెండో గొలుసు కూడా చుట్టింది. చివరికి సైలెన్సర్‌కూ టైరుకూ నడుమ తన పిడికిలి దూర్చి చూసింది. నిండా పట్టింది.

"కొత్త బోల్టులు జరంత వదులైతయి. పోంగ దారిల ఒకసారి ఆపి బిగించు," అని పానా చేతికిచ్చింది. "మల్లొచ్చినప్పుడు తిరిగియ్యి."

యార్డు పని ముగించుకుని తిరిగొస్తూ సుబ్బారావు గారు మోస్రా ఇవతల బండి ఆపారు. రత్తమ్మ గుర్తుచేయకుండానే పానా పట్టుకుని కిందికి దూరారు. అటుగా ట్రాక్టరు మీద పోతున్న సిద్దిరాములు అనే రైతు ఆగి తొంగిచూశాడు. "ఏం సారూ, బండి ఖరాబైందా?"

"లేదోయ్. స్టెప్నీ చూసుకుంటున్నా."

"గింత పెద్దది కింద ఎట్ల పట్టింది?"

సుబ్బారావు గారు గొంతు సవరించుకున్నారు. "దీన్ని లోడు మీదే కొలవాలి. ఇరుసు పైకి వస్తుందా లేదా చూసుకోవాలి. వెల్డింగ్ మాత్రం పెట్టకూడదు..." అంటూ సొంత విద్యలా వరసగా చెప్పుకుపోయారు. రత్తమ్మ కేబిన్ లోంచి తల బయటపెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

ఆమెను చూసి ఆయన మాట తడబడింది. "అంటే... వర్ని రోడ్డులో ఆశన్న గారమ్మాయి బిగించింది. నేను కట్టింది పొద్దున్నే ఊడిపడింది."

సిద్దిరాములు నవ్వుతూ దుకాణం గుర్తులు అడిగి వెళ్లిపోయాడు. సుబ్బారావు గారు పాక్కుంటూ బయటికొచ్చారు. రత్తమ్మ బండి దిగి, ఆయన వీపుకంటిన మట్టి చేత్తో తట్టి దులిపింది. అవసరమైనదానికంటే రెండు దెబ్బలు గట్టిగానే పడ్డాయి.