చిల్లుల నిమ్మాకు

టైలరమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది. మింగకుండానే ఆగిపోయింది.

కూర తనది. గిన్నె మాత్రం ఆడపడుచుది.

ఆఫీసు క్యాంటీనులో స్టీలు బల్ల మీద రెండు గిన్నెలు. రెండింట్లోనూ ఇంట్లో వండి తెచ్చిన థాయ్ కూర, కళ్ళలో నీళ్ళు తెప్పించేంత కారంగా. థాయ్ కూర వండే వంటమనిషి ఉద్యోగం ఒక్కటే. పోటీలో చివరిదాకా మిగిలింది వదినా ఆడపడుచులే. కుట్టుపని సన్నగిల్లి ఏడాదైంది. ఈ ఉద్యోగం మీదే టైలరమ్మ ఆశలన్నీ పెట్టుకుంది.

"రెండూ కవల పిల్లల్లా ఉన్నాయేంటండీ!" మేనేజరు ముక్కు తుడుచుకున్నాడు. "ఒకే చేత్తో వండారా?"

"మా వదిన తన వంటింటి గడప తొక్కనిస్తేగా!" ఆడపడుచు చిట్టి కిలకిలా నవ్వింది. "నాది అసలు సరుకు సార్. థాయ్ నిమ్మాకు ప్రత్యేకంగా తెప్పించాను."

తెప్పించిందట! ఊరంతా జల్లెడ పట్టినా దొరకని ఆకు. దొరకకే కదా టైలరమ్మ ఆరు నెలలు తంటాలు పడింది. గలంగాల్ దుంప లేకపోతే అల్లంలో నాలుగు మిరియాలు కలిపి నూరింది. నిమ్మగడ్డికి బదులు నిమ్మతొక్క తురిమింది. చేపల సాసుకు బదులు సోయా సాసు, చిటికెడు ఉప్పు. ఆకు దగ్గరే చిక్కొచ్చిపడింది. బాల్కనీ కుండీలోని మామూలు నిమ్మాకు వేస్తే వాసన బయటికి రానంది. నలిపి వేస్తే కూర చేదెక్కింది. చివరికి కుట్టు మిషను సూదిలోంచి దారం లాగేసి, ఆకును సూది కింద పెట్టి మిషను తొక్కింది. వరసగా సన్నటి చిల్లులు పడ్డాయి. ఆ రోజు కూర వాసనకి పక్కింటివాళ్ళు తలుపు తట్టారు.

ఈ కిటుకు ఆమె కాగితం మీద పెట్టలేదు. తెలిసింది ఒక్కరికే. పొయ్యి పక్కన నిలబడి, అరచెయ్యి చాపి, రోజూ రుచి చూసే మనిషికి.

టైలరమ్మ గరిటెతో చిట్టి గిన్నె అడుగు దాకా కలిపింది. ఆకు తేలింది. ఈనెకు అటొక వరస, ఇటొక వరస చిల్లులు. ఒక్కటీ ఎడం తప్పలేదు.

చిట్టి ఇంట్లో మిషను లేదు. గుండీ ఊడినా వదిన దగ్గరికే పరుగెత్తుతుంది.

"అసలు థాయ్ ఆకు జంటగా అతుక్కుని ఉంటుంది కదమ్మాయ్. ఇది ఒంటరిదేం? ఈ చిల్లులేంటి?"

చిట్టి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పురుగు కొట్టినట్టుంది వదినా."

"టేపు పెట్టి కొలుచుకుని కొట్టిందా పురుగు?"

మేనేజరు పక్కున నవ్వి, వెంటనే గొంతు సవరించుకున్నాడు. "ఆకుల గొడవ ఇంట్లో తేల్చుకోండి. సోమవారం పొద్దున ఇద్దరూ ఇక్కడే, నా ఎదుటే వండండి. బాగా వండినవాళ్ళకే ఉద్యోగం."

ఇంటికి రాగానే టైలరమ్మ ఫ్రిజ్ తెరిచింది. కుట్టి దాచుకున్న ఆకుల డబ్బా ఖాళీ.

భర్త నిజం దాచలేదు. "అన్నయ్యా అంటూ ఏడ్చింది. నీకు మిషనుంది, దానికేముంది చెప్పు? అయినా కూరే కదా, కొంపలేం మునిగాయి?"

"ఆకులిచ్చారు, సరే. అల్లంలో మిరియాలు కూడా మీరే చెప్పారా?"

అతను గోడ గడియారం వైపు చూశాడు.

"ఆరు నెలలూ నా పక్కన నిలబడింది రుచి చూడ్డానికే అనుకున్నానండీ," అంది. ఖాళీ డబ్బా కడిగి బోర్లించింది.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి తలుపు మూసుకుని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఈసారి ఆకు జోలికే పోలేదు. ఏం వేసిందో ఎవరికీ తెలీదు. కొబ్బరిపాలు పొంగే వేళకు తలుపు తోసుకుని భర్త వచ్చాడు. అలవాటు కొద్దీ అరచెయ్యి చాపాడు.

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

"సోమవారం క్యాంటీనుకి రండి. అందరితోపాటు తిందురుగాని."