పదకొండు ఫోన్లు

ఆదివారం పొద్దున్న ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా ఆయన అన్నాడు, "మిగిలిన పేషెంట్లకి ఫోన్లు నేను చేసేశాన్లే. నువ్వు రెస్ట్ తీసుకో."

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. పెళ్లయిన మూడేళ్లలో తాగిన గ్లాసు తీసి సింకులో వెయ్యని మనిషి! ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

మేమిద్దరం ఒకే హాస్పిటల్లో సర్జరీ నేర్చుకుంటున్న జూనియర్ డాక్టర్లం. ముప్పై హాస్పిటళ్లలోని మాలాంటివాళ్లు కలిసి ఓ పరిశోధన చేస్తున్నాం. పొట్ట ఆపరేషన్ అయిన ముప్పయ్యో రోజున ప్రతి పేషెంటుకీ ఫోన్ చేసి, కుట్లు చీము పట్టాయా అని అడిగి రాసుకోవాలి. ఈ పరిశోధనకి మా హాస్పిటల్ లీడర్ మా ఆయనే. ఫోన్లు మాత్రం నావి. "ఆడగొంతైతే పేషెంట్లు విసుక్కోరు" అన్నాడు మొదటి మీటింగులోనే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నా తప్పు. ఇంట్లో వాపోతే అత్తయ్య తేల్చేసింది, "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటే?"

తను జిమ్ముకి వెళ్లగానే లాప్‌టాప్‌లో పేషెంట్ల జాబితా తెరిచాను. మిగిలిన పదకొండు మందికీ 'చీము లేదు' అని ఉంది. పదకొండూ తొమ్మిది నిమిషాల్లో నింపినట్టు పక్కనే టైము చూపిస్తోంది. 'ఫోన్ చేసినవారు' అన్నచోట నా పేరు.

అనుమానం పెనుభూతం అంటారు. నాకే పట్టిందేమో, తప్పు నాదేనేమో అనుకుంటూనే మొదటి నంబరుకి చేశాను. బట్టలు కుట్టే పెద్దావిడ ఎత్తింది.

"ఎవరూ చెయ్యలేదమ్మా. ఊరందరి బట్టలూ కుట్టినదాన్ని, నా పొట్టమీది కుట్టే నిలవలేదు చూడు!" అని నవ్వింది. చీము కారుతోందట, జ్వరం కూడా. పెద్ద డాక్టర్లని మాటిమాటికీ ఏం విసిగిస్తాంలే అని ఊరుకుందట. వెంటనే వచ్చి వార్డులో చేరమన్నాను, డ్యూటీ డాక్టరుకి చెప్పి పెట్టాను. మిగతా పదిమందికీ చేశాను. ఇంకో ఇద్దరికి చీము, వాళ్లనీ రమ్మన్నాను. ఒక్కరికి కూడా అంతకుముందు ఫోన్ వెళ్లలేదు.

తను చెమట తుడుచుకుంటూ వచ్చి, నా వెనక నిలబడి తెరమీది జాబితా చూశాడు.

"వేలమందిలో పదకొండు మంది వల్ల ఏం కొంప మునుగుతుంది? గడువు రేపేగా."

"నా పేరెందుకు పెట్టావు?"

"నీ లాగిన్ తెరిచే ఉంది. అయినా నీ పేరూ నా పేరూ వేరా?"

ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ అది ప్రేమే అనుకున్నాను.

పరిశోధన కమిటీకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. పదకొండు ఫోన్లలో తెలిసింది తెలిసినట్టు రాసి, ముందున్నది ఎవరు నింపారో కూడా రాశాను. ఇంట్లో సంగతి వీధిలో పెడతావా, నా కెరీర్ ఏమైపోవాలి, అమ్మకి ఏం చెప్పమంటావ్ అంటూనే ఉన్నాడు. నేను పంపేసి లేచాను.

అతని గొంతు తగ్గిపోయింది. "మీ ఆయనే చేశాడని రాశావా?"

"లేదు. మా హాస్పిటల్ లీడర్ చేశాడని రాశాను."