నాలుగు వేళ్ల వెలితి

బాలప్ప సుత్తి ఎత్తి దించేసరికి గేటు అతుకు మీద గడ్డకట్టిన ఇనుప చిట్టెం పెచ్చులుగా లేచింది. ఒక పెచ్చు అతని మెడ మీద పడి, చర్మాన్ని చుర్రుమనిపించి, అక్కడే చల్లారింది. అతడు తల తిప్పి చూడలేదు. అటువంటి మచ్చలు మెడ నుండి మోచేతుల దాకా ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. ఏది నిన్నటిదో, ఏది నిరుటిదో అతనికే తెలియదు. కనుబొమలు ఎన్నడో కాలిపోయి మళ్లీ మొలిచే ప్రయత్నం మానుకున్నాయి. కళ్లలో ఎప్పుడూ ఇసుక పోసినంత మంట. ముక్కు మాత్రం ఉండీ లేనిదే. పటాన్‌చెరులో బాయిలర్ల ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు, ఆ ఇనుప కడుపులలో దూరి, పొగలో మునిగి అతుకులు వేశాడు. ఆ కొలువులోనే వాసన పట్టే శక్తి అతనిని విడిచిపోయింది. తన ఊరు చిట్కుల్‌కు వచ్చిన చుట్టాలు గాలిలోని మందుల ఫ్యాక్టరీల కంపుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, "ఏం వాసనొస్తుందే వీళ్లకు?" అని భార్యను అడిగేవాడు.

ఫ్యాక్టరీకి తాళం పడింది. నాటి నుండి ఇంటి ముందరి రేకుల కొట్టమే అతని కార్ఖానా అయింది. ఊళ్లో అతని చేతి అతుకు లేని గేటు అరుదు. అయినా ఆ గేట్లు తెరిచి మూసేవారిలో అతని పేరు తలచినవారు లేరు. కొట్టానికీ, వెనకనున్న ఒంటి గదికీ నడుమ ఒక గోనె పరదా. పరదాకు ఇవతల నిప్పు, అవతల భార్య ముత్యమ్మ.

వెల్డింగు రాడ్డు ఇనుమును తాకిన ప్రతిసారీ మెరుపు పుట్టేది, మెరుపు వెంట పొగ పుట్టేది. ఆ పొగ పరదా కింది నుండి పామువలె పాకి వెళ్లి ముత్యమ్మ గొంతు పట్టుకునేది. ఆమె దగ్గు దగ్గు కాదు. ఎండిన కట్టెను మోకాలికి ఆనించి విరిచినట్టుండేది. సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు ఆమె ఎక్సురేను వెలుతురుకు పట్టి చూసి, "ఇంక పొగ తగిలితే ఈమె దక్కదు. పనైనా మార్చు, ఇల్లైనా మార్చు," అన్నాడు. పని మారిస్తే తిండి లేదు. ఇల్లు మారిస్తే కొట్టం లేదు. బాలప్ప మూడవ త్రోవ పట్టాడు. పొగ త్రోవనే మార్చదలచాడు.

తండ్రి కొలిమికి గాలి ఊదిన బ్లోయర్ అటక మీద తుప్పు పట్టి ఉంది. దానిని దించి, చేతిపిడి తీసివేసి, మోటారు తగిలించాడు. నాడు నిప్పుకు ఊపిరి పోసిన యంత్రాన్ని నేడు నిప్పు ఊపిరిని లాగేందుకు ఎదురు తిప్పాడు. పెండ్లి వంటల్లో మాడి అడుగు చిల్లిపడిన పెద్ద డేక్సాను బల్లకు పైన గొడుగువలె బోర్లించి వేలాడదీసి, ఆ చిల్లికి బ్లోయర్ తగిలించాడు. నూనె డబ్బాల అడుగులు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి, రివిట్లు కొట్టి పొడవాటి గొట్టం చేసి బ్లోయర్ మూతికి బిగించాడు. ఈ సరుకంతా ఇస్నాపూర్ పాతసామాన్ల దుకాణం నుండి ట్రాలీలో తెచ్చినవాడు బర్నబా. ఒకప్పుడు ఫ్యాక్టరీలో తోటి పనివాడే.

"ఏందిర బాలప్పా, సొలొమోను గుడి గడ్తున్నవా?" అని నవ్వి, ఒక నీలిరంగు ఇనుప డ్రమ్మును కూడా కొట్టం మూలకు దొర్లించి పోయాడు. "మందుల ఫ్యాక్టరీది. మంచిగ కడుక్కో, నీళ్లకు పనికొస్తది."

ముందటి రోజు సాయంత్రం ముత్యమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని అమ్మవారి పటానికి వెలిగించిన ఊదుబత్తిని అతడు తెచ్చి డేక్సా కింద పట్టాడు. నూలుపోగువంటి పొగ ఒక్క క్షణం తటపటాయించి, నడుము వంచి, నమస్కరించినట్టుగా లోనికి పోయింది. పరదా పక్కన నిలబడి చూస్తున్న ముత్యమ్మ చాలాకాలానికి నవ్వింది.

పొగ పోయింది. ఎక్కడికి పోయిందన్న ఆలోచన బాలప్పకు రాలేదు. పాలకడలి చిలికిన నాడు పుట్టిన విషానికి ఒక కంఠం దొరికింది. ఈ విషానికి దొరికినది పక్కింటి పెంటయ్య దొడ్డి. కొట్టానికి ఉన్నది ఒక్క పక్కగోడ. గొట్టం మూతి ఆ గోడ మీది నుండే అవతలికి తెరుచుకుంది.

ఆ ఉదయం గేటు అతుకు సగంలో ఉండగానే గోడ అవతల నుండి కేక వినవచ్చింది. మరుక్షణం గడ్డపార గాలిని కోసుకుంటూ వచ్చి గొట్టం మీద పడింది. నూనె డబ్బాలు గడగడలాడి, రివిట్లు గింజల్లా రాలి, సగం గొట్టం నేలకూలింది. విరిగిన రేకు అంచు పక్కనే పెంటయ్య ముఖం కనిపించింది. వాగు పక్కన మూడెకరాల తరి పొలం ఉండేది అతనికి. వాగులో ఫ్యాక్టరీల రంగునీళ్లు పారిన ఏడు వరి మాడింది, బర్రెలు కడుపుబ్బి చచ్చాయి. నాటి నుండి అతడు ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఖాకీ గుడ్డల కావలివాడు. ఎవరి మీద చూపాలో తెలియని కోపం ఏళ్లుగా అతనిలో ముగ్గుతూ ఉంది. నేడు దానికి ఒక ముఖం దొరికింది.

"ఓ బాలప్పా! బయటికి రా! ఇయ్యాల నువ్వన్న ఉండాలె, నేనన్న ఉండాలె!"

"ఏందన్నా, పొద్దుగాల్నే పిచ్చి లేసిందా? నా పైపు పలగ్గొడ్తవా?"

"పైపు గాదు, నిన్ను పలగ్గొడ్త! నీ పెండ్లాం పానమే పానమా? నా మనుమడిది గాదా? పదినాళ్ల పసిగుడ్డు దగ్గి దగ్గి నల్లగైండు!"

"నాకేం ఎరుక నీ మనుమడు ఆడ పండిండని!"

"ఎరుక లేదా? పొగ తోలినోనికి ఎరుక లేదా?"

పెంటయ్య గోడ దూకాడు. బాలప్ప చేతికి అందినది పట్టకారు. అది పెంటయ్య నుదుటిని చీల్చింది. నెత్తురు కంటిలోకి కారి ముఖం సగం ఎర్రబడింది. అతడు గుడ్డిగా ఊపిన గడ్డపార బాలప్ప కుడి మణికట్టు మీద దిగింది. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు. ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని చిట్టెం పెచ్చుల మీద, కాలుతున్న రాడ్డు ముక్కల మీద పొర్లారు. జుట్టు పట్టారు, గొంతు పట్టారు, భుజం కొరికారు. ఏండ్ల తరబడి పండుగనాడు సకినాలు ఇచ్చిపుచ్చుకున్న చేతులవి. ఒకని కింద ఒకడు రొప్పుతూంటే, కొమ్ములు చిక్కుపడిన దున్నలు రెండు బురదలో పెనగులాడుతున్నట్టుంది.

పరదా కదిలింది. ముత్యమ్మ చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. అరవాలని నోరు తెరిచింది. అరుపుకు కావలసిన గాలి ఆమెలో లేదు. కళ్లు తేలవేసి ఇద్దరి నడుమ ఒరిగిపోయింది.

పెంటయ్య చేతులు సడలాయి. పక్కనున్న చెంబులో తన తువాలు ముంచి, పిండి, ఆమె ముక్కు మీద పెట్టినవాడు అతడే. "ఊపిరి గుంజు చెల్లె, మెల్లగ గుంజు," అన్నాడు. ఆమె ఛాతీ ఒక లయలో పడేదాకా కూర్చుని, ఆపైన లేచి నెత్తురు ఉమిసి బాలప్ప వైపు తిరిగాడు. "గీమె మొకం జూసి ఇడుస్తున్న. పొగ మల్ల గోడ దాటిందో, ఈసారి నీ నెత్తే."

"దాటదన్నా," అన్నాడు బాలప్ప. "పొద్దూకేవరకు బందోబస్తు జేస్త."

పెంటయ్య వెళ్లాక బాలప్ప గోడ మీది నుండి తొంగి చూశాడు. వేపకొమ్మకు కట్టిన ఉయ్యాల ఖాళీగా ఉంది. తెల్లచీర మీద, సరిగ్గా పసివాని తల ఆనేచోట, నల్లని చార. మణికట్టు నొప్పి అప్పటిదాకా తెలియనివాడు ఆ చారను చూశాక చేతిని పొట్టకు అదుముకున్నాడు.

తిరిగి వచ్చి చూస్తే ముత్యమ్మ ముఖం మీది తడి తువాలు కూడా నల్లబడి ఉంది. అతడు దానిని వేళ్ల నడుమ నలిపాడు. మసి వేళ్లకు అంటింది. అంటే, తడి పొగను పట్టుకుంటుంది. ఒక పెద్ద పాత్రలో తడి గోనెలు వరుసగా వేలాడదీసి, గొట్టాన్ని అందులో దింపితే, అవతలికి వచ్చేది వట్టి గాలి. చూపు మూలనున్న నీలి డ్రమ్ము మీద పడింది.

మూసిన డ్రమ్మును తెరవడానికి పనివారికి ఒక నియమం ఉంది: ముందు నీళ్లు, తర్వాత ఇనుము. లోపల ఏముండిందో దేవునికెరుక. అంచు దాకా నీళ్లు నింపితే లోపల మిగిలిన, నిప్పు అంటుకునే ఆవిరి వెళ్లిపోతుంది. అప్పుడు ఉలి పెట్టి సుత్తితో మూత కొయ్యాలి, నిప్పు చూపరాదు. ఈ నియమాన్ని బాలప్ప ఎన్నడూ తప్పలేదు, ఎందరికో చెప్పాడు. కాని అతని మణికట్టు ఇప్పుడు సొరకాయలా ఉబ్బి ఉంది. సుత్తి ఎత్తబోతే కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

"పెంటన్ననన్న పిలువు, నాలుగు దెబ్బలేస్తడు," అంది ముత్యమ్మ గోడకు ఆనుకుని.

"ఇప్పుడే ఏసిపాయె గద! ఇంకెన్ని ఏపిస్తవ్?"

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది. బాలప్ప నిర్ణయించుకున్నాడు: సుత్తి పట్టలేని ఎడమచేయి రాడ్డు పట్టగలదు. గొట్టం పట్టేటంత రంధ్రం పై మూతలో కాల్చితే చాలు. నీళ్లు ఉంటాయి కదా.

డ్రమ్ము బిరడా తిప్పి, ముక్కు పెట్టి పీల్చాడు. ఏమీ లేదు. అతని ముక్కుకు ఏనాడు ఏమున్నది గనుక! "ముత్తెమ్మా, జెర నువ్వు సూడు."

ఆమె వంగింది. చిటికెడు గాలి పీల్చి, అంతకు మించి శక్తి లేక తల ఎత్తింది. "నాకేం తెలుస్తలేదయ్యా. మనిద్దరికి తెల్వకుంటే లేనట్టేనా?"

"ఉంటే ఒకరికన్న తెలుస్తది తియ్," అన్నాడు.

బోరింగు వీధి చివర ఉంది. దానిని కొట్టడానికి అతనికి చేయి లేదు, ఆమెకు ఊపిరి లేదు. కొట్టంలో తెల్లవారుజామున టాంకరు పోసిన నీళ్లు ఉన్నాయి. గాబులోనివి, బిందెలలోనివి, ఎడమచేత లోటాతో ముంచి ముంచి డ్రమ్ములో పోశాడు. గాబు అడుగు కనిపించింది. బిందెలు ఒక్కొక్కటే బోర్లబడ్డాయి. డ్రమ్ములో నీరు నెమ్మదిగా లేచి, మూతకు నాలుగు వేళ్ల కిందికి వచ్చి ఆగింది. ఇంకొక్క బిందె పోస్తే అంచు తాకేది. ఆ ఒక్క బిందె పరదా అవతల, ముత్యమ్మ మంచం పక్కన ఉంది.

"గది గూడ పొయ్యి, నిండనీ," అంది ఆమె.

"టాంకరొచ్చేది మల్ల ఎల్లుండి. గుక్కెడు నీళ్లు లేకుంటే నీకు దగ్గాగదు. దాన్ని ముట్టుకోకు."

"నిండకుంటే ఎట్లయ్యా? నువ్వే అంటవ్ గద, అంచుదాక పొయ్యాల్నని."

"నాలుగు వేళ్ల ఎలితి. గంతే గద!"

ఆమెను లోనికి పంపి, పరదా సరిచేశాడు. బ్లోయర్ నడిపించి, విరిగిన గొట్టం మూతిని గోడవైపు కాక వీధివైపు తిప్పాడు. పొగ ఆమె దగ్గరకు పోరాదు, పసివాని దగ్గరకూ పోరాదు. ఊదుబత్తి ముక్క ఒకటి వెలిగించి డేక్సా కింద పట్టి చూశాడు. పొగ బుద్ధిగా వంగింది. భవానికి మనసులో దండం పెట్టుకుని, ముఖానికి అద్దం తొడిగి, ఎడమచేత రాడ్డు పట్టాడు.

ముత్యమ్మకు చప్పుడు వినబడలేదు. పరదా గాలితో నిండిన తెరచాపలా లోనికి ఉబ్బి, మంచం అంచును తాకి, మెల్లగా తన చోటికి మరలడం మాత్రం చూసింది. ఆ తర్వాతనే కొట్టం పైకప్పు వైపు నుండి వెలుతురు కనిపించింది. నాలుగు వేళ్ల వెలితిలో నిలిచిన ఆవిరి అంటుకుని, డ్రమ్ము మూత చక్రంవలె లేచి, అతని ఛాతీని కోసి, రేకులను చీల్చుకుని ఆకాశంలోకి పోయింది.

గోడ దూకి మొదట వచ్చినవాడు పెంటయ్య. నుదుటి కట్టు ఇంకా తడారలేదు. నీళ్లు, నెత్తురు కలిసి వీధిలోకి పారుతున్న ఆ నేల మీద చతికిలబడి, బాలప్ప తలను ఒడిలోకి తీసుకున్నాడు. బాలప్ప పెదవులు కదిలాయి.

"అన్నా... గోడ దాటిందా?"

"లేదు తమ్మీ. దాటలే. ఒక్క పోగు గూడ దాటలే."

బాలప్ప ఆ మాట విన్నాడో లేదో. కళ్లు మాత్రం డేక్సా వైపు నిలిచిపోయాయి.

ఆ సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ తమ ఇళ్ల నుండి నీళ్లు తెచ్చి కొట్టం కడిగారు. పెంటయ్య కోడలు బిడ్డను చంకనేసుకుని వచ్చి ముత్యమ్మ పక్కన కూర్చుంది. బ్లోయర్ ఇంకా తిరుగుతూనే ఉంది. "బంద్ జెయ్యాల్నా చెల్లె?" అని పెంటయ్య అడిగితే ముత్యమ్మ తల అడ్డంగా ఊపింది. శవం దగ్గర వెలిగించిన ఊదుబత్తుల పొగ లేచి, వంగి, డేక్సాలోకి పోతూనే ఉంది. గదిలోకి ఏమీ రాలేదు. ఆమె దగ్గలేదు.

చీకటి పడ్డాక ఎవరో పరదా పక్కకు తొలగించి లోపల దీపం పెట్టారు. మంచం పక్కన, మూత మీద లోటా బోర్లించి, చుక్క తొణకకుండా, ఆ ఒక్క బిందె అంచుదాకా నిండుగా ఉంది.